స్పేస్ బార్ అంటే బ్రేకు

మార్చి 3, మంగళవారం

బావమరిది పంపిన పెట్టె వచ్చింది. లోపల కొత్త మ్యాక్. మూత పట్టుకుని లాగితే ఒక్కసారిగా ఊడిరాలేదు, గాలి వదులుతూ మర్యాదగా లేచింది. జీవితమంతా లిఫ్టులు బాగుచేసినవాణ్ణి, తలుపు తెరుచుకునే తీరు చూసి ఇల్లు ఎలాంటిదో చెప్పగలను. ఇది నాకు అలవాటు లేని ఇల్లు.

అక్క పడుకుని సినిమాలు చూసుకుంటుంది బావా అన్నాడు ఫోన్లో. మంచివాడు. కానీ ఆవిడ పడుకోవడం ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు.

జనవరిలో మా ఆవిడకి స్ట్రోక్ వచ్చింది. కుడికాలు తిరిగొచ్చింది, కర్ర సాయంతో గదులన్నీ తిరుగుతోంది. మాట పోలేదు. ఉండబట్టి డాక్టర్లు చాలా మాటలు పడ్డారు. కుడిచెయ్యి ఒక్కటే రాలేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది, బస్సులో ఎవరో పట్టుకోమని ఇచ్చి దిగిపోయిన సంచీలా.

ఫిజియో అమ్మాయి ఇవాళ నన్ను వరండాలోకి పిలిచి మాట్లాడింది. వేళ్ళలో కదలిక ఉందట. చెయ్యి పోలేదండీ, ఆవిడే దాన్ని పక్కన పెట్టేశారు అంది. ఎడమచేత్తో పని జరిగిపోతుంటే కుడిచేతి సంగతి మెదడు మర్చిపోతుందట. ఈ కొద్ది నెలల్లో వాడించకపోతే తర్వాత ఎంత బతిమాలినా రాకపోవచ్చట. తను ఇచ్చిన రబ్బరు బంతి ఏమైందని అడిగింది. ఎడమచేత్తో కిటికీలోంచి విసిరేసిందని చెప్పాను. ఎంత దూరం వెళ్ళిందండీ అని అడిగింది. ఈ పిల్ల నాకు నచ్చింది.

ఒళ్ళు మర్చిపోయేంత ఇష్టమైన పని ఏదైనా పెట్టండి, కంప్యూటర్ గేమైనా సరే అంది చెప్పులేసుకుంటూ.

అయితే సరే. ఈ మ్యాక్‌లో మా ఆవిడ కుడిచేత్తో ఆడే గేము ఒకటి దొరకాలి. దొరికేదాకా వదిలేది లేదు.

మార్చి 4

మ్యాక్‌లో గేములేంటి నాన్నా అంది మా అమ్మాయి. మ్యాక్‌లో గేములేంటి బావా అన్నాడు బావమరిది, ముందే చెప్పుంటే వేరేది పంపేవాణ్ణిగా అన్నాడు. మీ అక్క నాకు ముందే చెప్పి పడిపోయిందా అన్నాను. కంప్యూటర్ల షాపతను నవ్వాడంతే. మాటకైతే జవాబు చెప్తాం, నవ్వుకి ఏం చెప్తాం?

మార్చి 6, శుక్రవారం

రెండు రోజులుగా గేముల వెతుకులాట. నాకు నచ్చినవాటిలో సగానికి కింద సన్నటి అక్షరాలతో ఇది మ్యాక్‌లో నడవదు అని రాసుంది. పెళ్ళిచూపులకి వెళ్ళి అంతా మాట్లాడుకున్నాక అమ్మాయికి పెళ్ళయిపోయిందని చెప్పినట్టు. ఇప్పుడు ముందు కింది నుంచి చదవడం మొదలుపెట్టాను.

నా ఇంగ్లీషు లిఫ్టు మాన్యువల్స్‌లో నేర్చుకున్నది. అందుచేత ఆజ్ఞలు బాగా అర్థమవుతాయి. వేలు పెట్టకు, వంగి చూడకు, ముందు కరెంటు ఆపు, ఇవి నాకు కంఠతా వచ్చు. ఎవరైనా ఇంగ్లీషులో కులాసా కబుర్లు చెబితే మాత్రం నోరు తెరుచుకుని చూస్తాను. గేముల్లో ఆజ్ఞలే ఉంటాయి కాబట్టి ఇబ్బంది లేదు. పరుగెత్తు, దూకు, కాల్చు, మళ్ళీ మొదలుపెట్టు.

నేను పెట్టుకున్న షరతులు: మ్యాక్‌లో నడవాలి, కుడిచేతికి పని ఉండాలి, కిటికీలోంచి విసిరేసే బుద్ధి పుట్టకూడదు.

కార్ల గేములు బోలెడున్నాయి. ఈ మెషీన్లో చక్కగా నడిచేవే. వాటి జోలికి మాత్రం పోను.

ఎందుకో కూడా రాసుకుంటాను, రేపు నాకే గుర్తుండదు. మా ఆవిడ డ్రైవింగ్ నేర్పే మేడం. ఈ ఊళ్ళో స్టీరింగ్ పట్టుకున్నవాళ్ళలో చాలామంది ఆవిడ చేతికింద తిట్లు తిన్నవాళ్ళే. క్లచ్ మేడం అంటారు. నేర్చుకునేవాడు కుడివైపు స్టీరింగు ముందు, ఆవిడ ఎడమవైపు పక్క సీట్లో. ఆవిడ కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు, ఇంకో క్లచ్. పాఠం అయ్యాక వాడి కార్డు మీద ఎర్రపెన్నుతో ఆ రోజు చేసిన తప్పు ఒక్కటే ఒక్కటి రాసేది. పది తప్పులు రాస్తే వాడు ఏదీ చదవడు, ఒకటి రాస్తే దారంతా అదే నెమరేసుకుంటాడు అనేది.

నాకూ నేర్పబోయింది, పెళ్ళయిన కొత్తలో. గేటు స్తంభం కూలిపోయాక మానేసింది. పైకీ కిందికీ వెళ్ళే మనిషిని, పక్కలకి తిరగడం నా ఒంట్లో లేదు.

హాస్పిటల్ నుంచి ఇంటికొచ్చిన రోజున ఇంక డ్రైవింగ్ వద్దు అన్నాడు డాక్టరు. ఆవిడ ఎడమచేత్తో పర్సులోంచి తాళం తీసి అమ్మాయి చేతిలో పెట్టింది. తర్వాత ఆ మాట ఎత్తలేదు. కారు పెరట్లో కవరు కప్పుకుని ఉంది. టీవీలో కార్ల ప్రకటన వస్తే నేనే చానల్ మార్చేస్తున్నాను.

మార్చి 9, సోమవారం

మొదటి గేము: పొలం. దున్నాలి, విత్తనాలు చల్లాలి, నీళ్ళు పొయ్యాలి. మ్యాక్‌ని ఆవిడ ముందు పెట్టి, మౌస్ కుడివైపు పెట్టి, నేను వెనక నిలబడ్డాను. ఆవిడ కాసేపు ఆ పొలాన్ని చూసింది. పెరట్లో కరివేపాకు మొక్క ఎండిపోతోంది, దానికి నీళ్ళు పొయ్యండి ముందు అంది.

పోశాను.

మార్చి 11

రెండో గేము: రంగు బుడగలు. ఒకే రంగువి మూడు కలిస్తే పేలిపోతాయి. ఆవిడకి నచ్చింది! గంటసేపు ఆడింది, పాలు పొంగిపోయినా లేవలేదు.

అంతా ఎడమచేత్తో.

మౌస్ ఎప్పుడు అటు జరిపిందో నేను చూడలేదు. ఆ ఎడమచెయ్యి ఇప్పుడు ఇంకా తెలివిమీరిపోయింది.

మార్చి 13, శుక్రవారం

ఎడమచెయ్యి కాసేపు కట్టడి చేస్తే కుడిచేతికి పని దొరుకుతుంది, కొందరికి అలా చేయిస్తాం అంది ఫిజియో అమ్మాయి. తను వచ్చినప్పుడు చూద్దామంది. నాకు ఆగే ఓపిక ఉంటే కదా. పొయ్యి మీంచి వేడిగిన్నెలు దింపే దళసరి గ్లౌజు తీసుకొచ్చి, బుడగల మధ్యలో, ఆవిడ ఎడమచేతికి తొడిగేశాను.

గ్లౌజు వైపు చూసింది. నా వైపు చూసింది. ఎవరి చెయ్యి అనుకుంటున్నారు ఇది అంది.

మార్చి 14

మాట్లాడలేదు.

మార్చి 15

ఉప్పు అందించమంది. గండం గడిచింది.

మార్చి 19, గురువారం

ఈ మధ్య చూసినవి: ఇటుకలు పేర్చేది (ఇళ్ళు కట్టేవాళ్ళకి జీతమిస్తారు, మనకెవరిస్తారు అంది), చేపలు పట్టేది (ఆవిడకి నిద్ర వచ్చింది), తుపాకీది. తుపాకీ గేము అమ్మాయి పనిచేసే పళ్ళ క్లినిక్‌లో ఎవరో చెప్పారట. ముందు నేను ఆడి చూశాను. గుమ్మంలోంచి బయట అడుగు పెట్టగానే పోయాను. మళ్ళీ పుట్టాను, మళ్ళీ అదే గుమ్మం, మళ్ళీ పోయాను. ఎటునుంచి కాలుస్తున్నారో చూద్దామని వంగి చూసి పోయాను. వంగి చూడకు అని మాన్యువల్లో ఊరికే రాయలేదు. పక్కన కూర్చున్న ఆవిడ ఫక్కున నవ్వింది. జనవరి తర్వాత ఇదే మొదలు. ఆ నవ్వు కోసం ఇంకో నాలుగుసార్లు చచ్చాను.

అయినా ఆడమంటే ఆడలేదు. నాకెవరి మీదా అంత కోపం లేదు, గ్లౌజు తొడిగినవాళ్ళ మీద తప్ప అంది.

మార్చి 21, శనివారం

చేతిలో మార్పు లేదంది ఫిజియో అమ్మాయి. నవ్వకుండా చెప్పింది.

లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు ముందు అన్ని మీటలూ ఒకేసారి నొక్కేస్తారు. తర్వాత తలుపు బాదుతారు. తర్వాత నిశ్శబ్దం అయిపోతారు. ఆ నిశ్శబ్దమే ప్రమాదం. గాలి లేక కాదు, ఇక ఎవరూ రారనుకుని కూలబడిపోతారు, తలుపు తీసినా లేవలేరు. అందుకే నేను పైకెక్కి, లిఫ్టుని చేత్తో కదిపే చక్రం తిప్పడానికి ముందు తలుపు దగ్గర కూర్చుని ఏదో ఒకటి మాట్లాడేవాణ్ణి. మా మేస్త్రీ విసుక్కునేవాడు, నువ్వు లిఫ్టు బాగుచేస్తావా హరికథ చెప్తావా అని. ఏం చెప్పేవాణ్ణో నాకే తెలీదు. ఒకసారి ఒక లాయరుగారికి మా పిన్ని మూడుసార్లు ఇల్లు మారిన కథ చెప్పాను. తలుపు తెరుచుకున్నాక ఆయన బయటికొచ్చి, తర్వాత నాలుగో ఇంటికి వెళ్ళిందా అని అడిగాడు.

ఇవాళ సాయంత్రం ఆవిడ పక్కన కూర్చుని అలాగే ఏదో ఎత్తుకున్నాను. ఆవిడ ఆపింది. నేనేమన్నా లిఫ్టులో ఇరుక్కున్నానా అంది. ఒక చేత్తో బతికేవాళ్ళు లోకంలో లేరా, ఎందుకండీ మీకీ పాట్లు, ఇంక వదిలెయ్యండి అంది. మెల్లగా, కోపం లేకుండా. ఆ మెల్లదనం నాకు బాగా తెలుసు. తలుపు అవతలి నుంచి విన్నదే.

వదలను.

మార్చి 24, మంగళవారం

హాస్పిటల్‌కి వెళ్ళాలంటే అమ్మాయి సెలవు పెట్టాలి, లేదా టాక్సీ. ఇవాళ టాక్సీవాడు వస్తున్నా వస్తున్నా అంటూనే రాలేదు. ఆవిడ కర్రపట్టుకుని ఎండలో నిలబడింది. పెరట్లో కారు ఉంది, ఇంట్లో మగమనిషి ఉన్నాడు, ఇద్దరూ ఒకలాగే ఉన్నారు, కదలకుండా.

ఆ ఎండలో ఒకటి తోచింది. ఆవిడకి గేము దొరికేలోగా నాకొకటి వెతుక్కోవాలి, కారు తోలడం నేర్పేది.

రేసులు కాదు. ఊళ్ళో రూలు ప్రకారం నడిపించే గేము ఉంది. గేర్లు, క్లచ్, ఇండికేటర్లు, సిగ్నళ్ళు, రోడ్డు దాటే జనం. చివర లైసెన్సు పరీక్ష కూడా పెడుతుందట. మ్యాక్‌లో నడుస్తుంది, కింది నుంచే చదివాను. ఆవిడ కంటబడకూడదు. మధ్యాహ్నం ఆవిడ నిద్రపోయాక, సౌండ్ తీసేసి ఆడతాను. ఈ వయసులో దొంగతనంగా నేర్చుకోవడం మొదలుపెట్టాను, పరువైన పనే.

మార్చి 25, మధ్యాహ్నం 3 గంటలు

పక్క బాణాలు స్టీరింగు. పై బాణం యాక్సిలరేటర్. సి అంటే క్లచ్. స్పేస్ బార్ అంటే బ్రేకు, కీబోర్డులో అన్నింటికంటే పొడుగ్గా ఉండేది అదే. నాలాంటివాళ్ళ కోసమే అంత పొడుగు పెట్టి ఉంటారు.

బండి స్టార్టయింది. ఒక పోస్టుడబ్బా పోయింది.

మార్చి 28

పోస్టుడబ్బా ఉంది. పూలదుకాణం పోయింది.

మార్చి 31, మంగళవారం

దొరికిపోయాను.

సౌండ్ తీసేశాను కానీ నా ఒళ్ళు తీసెయ్యలేదు. బండి ఎటు తిరిగితే నేనూ అటు వాలిపోతున్నానట. గుమ్మంలోంచి చూస్తే ఎవరో పడవలో ఊగుతున్నట్టుందట. ఎంతసేపట్నుంచి నిలబడిందో తెలీదు. నేను మలుపు తిరుగుతూ సి కోసం కళ్ళతో కీబోర్డంతా వెతుకుతున్నాను, అప్పుడు వెనకనుంచి వినబడింది, క్లచ్!

ఆ గొంతు! గోడమీద బల్లి కూడా గేరు మార్చుకుని ఉంటుంది.

మూత వేసెయ్యబోయాను. వెయ్యకండి అంది. కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి కుర్చీ లాక్కుంది. కుడివైపు చార్జరు తీగ అడ్డంగా ఉంది, అందుకని ఎడమవైపు లాక్కుంది. పోనివ్వండి అంది. పోనిచ్చాను. ఎదురుగా సిగ్నల్ ఎర్రగా మారింది, నేను చూడలేదు. టేబుల్ కింద ధబ్ మని చప్పుడు. ఆవిడ కాలు. నేల మీద లేని బ్రేకుని తొక్కింది.

కోపమొచ్చిందా అని అడిగాను. కార్లు చూపిస్తే బాధపడతానని ఎవరు చెప్పారు మీకు అంది. మీరు చానల్ మార్చిన ప్రతిసారీ బాధపడ్డాను అంది. ఎన్నాళ్ళయింది మొదలుపెట్టి అని అడిగింది. వారం అన్నాను. వారానికి ఇదా అంది.

రేపు ఉదయం ఆరింటికి అంది. ఆవిడ మొదటి పాఠం ఎప్పుడూ ఆరింటికే.

ఏప్రిల్ 1, బుధవారం

ఆరయ్యే ముందే స్నానం చేసి, జుట్టు ముడేయించుకుని, వాచీ పెట్టించుకుని కూర్చుంది. అమ్మాయి నా వైపు చూసి ఏంటి నాన్నా ఇది అని కళ్ళతోనే అడిగింది. నాకు తెలిస్తే కదా.

నలభై నిమిషాల్లో తిట్టిన తిట్లు రాయడానికి ఈ పేజీ చాలదు. అద్దం ఉన్నది మొహం చూసుకోడానికి కాదు అంది. అది రోడ్డండీ, మీ అత్తారిల్లు కాదు, మధ్యలో కూర్చోడానికి అంది. చివర్న ఆ రోజు తప్పు ఒక్కటి చెప్పింది, నేను ఇక్కడ రాసుకుంటున్నాను: అద్దం చూడలేదు.

ఏప్రిల్ 3, శుక్రవారం

ఇవాళ ఒకటి జరిగింది. లారీకి ఎదురుగా వెళ్ళిపోతున్నాను. ఆవిడ కుడిచెయ్యి ఒళ్ళోంచి లేచింది. బెత్తెడు లేచి, టేబుల్ అంచుకి తగిలి, మళ్ళీ ఒళ్ళో పడింది. ఆవిడ గమనించలేదు. తిట్టడంలో ఉంది.

నాకు మాత్రం లారీ గుద్దినట్టే అయింది.

ఆవిడ ఉద్యోగం ఏమిటి? పక్క సీట్లో కూర్చోవడం. నేర్చుకునేవాడు పిచ్చిగా తిప్పితే, పక్కనుంచి వంగి స్టీరింగు పట్టుకుని సరిచెయ్యడం. ఏ చేత్తో? ఎడమ సీట్లో కూర్చున్న మనిషికి స్టీరింగు వైపు ఉండేది కుడిచెయ్యే కదా! ఇన్నాళ్ళూ నేను ఏం చేశాను? ప్రతి గేములోనూ ఆవిణ్ణి కీబోర్డు ముందు కూర్చోబెట్టి వెనక నిలబడ్డాను. నేర్చుకునేవాళ్ళ సీట్లో కూర్చోబెట్టాను. ఆ సీట్లో ఆవిడ ఎప్పుడు కూర్చుంది కనక?

ఆవిడకి కావలసింది గేము కాదు. పనికిమాలిన డ్రైవరు. అది ఇంట్లోనే ఉంది.

నేటి తప్పు: ఎదుటివాడు లారీ అయినా సైకిలైనా మన గీత మనదే.

ఏప్రిల్ 5, ఆదివారం

ఇవాళ కావాలని గోడకేసి పోనిచ్చాను, చెయ్యి లేస్తుందేమోనని. లేవలేదు. కరెంటు స్తంభం. లేవలేదు. మూడోసారి బడిగేటు వైపు తిప్పుతుంటే ఆవిడ లేచి నిలబడింది.

రానివాడెవడో, రానట్టు నటించేవాడెవడో నాకు తెలీదనుకున్నారా అంది. రానివాడి భుజాలు బిగుసుకుంటాయి, మీ భుజాలు పెళ్ళిభోజనానికి వెళ్తున్నట్టున్నాయి అంది. నా చెయ్యి కోసం నాటకాలాడకండి, నేను మీకు నిజంగా నేర్పుతున్నాను అంది.

వెళ్ళి గదిలో పడుకుంది.

ఏప్రిల్ 6

ఆరింటికి కుర్చీ వేశాను. రాలేదు.

ఏప్రిల్ 7

రాలేదు.

ఏప్రిల్ 9, గురువారం

ఆలోచించాను. ఆవిడ రావాలని నడిపితే అది నాటకమే. అందుకని హాస్పిటల్‌కి కారు తోలాలి అన్న మొదటి మాటే పట్టుకున్నాను. ఆవిడ వచ్చినా రాకపోయినా పొద్దున్నే ఆరింటికి కూర్చుని నా మటుకు నేను నేర్చుకుంటున్నాను. నాటకం అక్కర్లేదు, మనసుపెట్టి తోలితే చాలు, ప్రమాదాలు వాటంతటవే జరుగుతాయి. ఆ విషయంలో దేవుడు నాకు లోటు చెయ్యలేదు.

ఇవాళ సౌండ్ పెట్టే ఆడాను. మలుపు తిరిగి మూడో గేర్లో ఎత్తెక్కుతున్నాను. బండి మూలుగుతోంది. పక్కగదిలోంచి వినబడింది, రెండు! వినిపించుకోలేదని కాదు, రెండు ఎక్కడుందో వెతుకుతున్నాను. బండి ఇంకా మూలిగింది. కర్ర టకటకా వచ్చేసింది. ఆ బండిని ఎందుకండీ అలా చంపుతారు, దాని ఏడుపు వినలేక చస్తున్నాను అంది, ఎడమ కుర్చీలో కూర్చుంటూ.

నా భుజాల వైపు చూసింది. బిగుసుకునే ఉన్నాయి. ఊఁ, పోనివ్వండి అంది.

నేటి తప్పు: ఎత్తెక్కేముందే గేరు దించాలి.

ఏప్రిల్ 13, సోమవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

సందులోంచి పెద్దరోడ్డు ఎక్కుతున్నాను. అద్దం చూశాను, ఇండికేటర్ వేశాను, క్లచ్ కూడా తొక్కాను, అంతా పద్ధతిగా చేస్తున్నానని మురిసిపోతూ ఆవిడ వైపు చూశాను. అదీ పొరపాటు. ఆ క్షణంలోనే గేములో ఒక ముసలామె సంచీ పట్టుకుని రోడ్డు మీదికి వచ్చేసింది. మా ఆవిడ కాలు ధబ్ మంది. బండి ఆగలేదు. మళ్ళీ ధబ్ మంది. అక్కడ పెడల్ లేదు కదా!

అప్పుడు ఆ చెయ్యి వచ్చింది. ఒళ్ళోంచి లేచి, టేబుల్ అంచు దాటి, పైనుంచి పడ్డ దిండులా కీబోర్డు మీద పడింది. స్పేస్ బార్, దాంతో పాటు ఇంకో ఆరేడు అక్షరాలు. వైపర్లు కొట్టుకున్నాయి, లైట్లు వెలిగాయి, హారన్ మోగింది. బండి మాత్రం ఆగింది. ముసలామెకి జానెడు దూరంలో.

ముసలామె సంచీ సర్దుకుని రోడ్డు దాటింది. మేమిద్దరం ఆమె అవతలి పేవ్‌మెంట్ ఎక్కేదాకా చూస్తూ ఉన్నాం.

మా ఆవిడ తన చేతి వైపు చూసుకుంది. నేను చూడలేదు. చూస్తే సిగ్గుపడి వెళ్ళిపోతుందేమోనని తెరకేసే చూస్తూ కూర్చున్నాను. వేళ్ళు కీబోర్డు మీద మెల్లగా ముడుచుకోవడం మాత్రం కంటి చివర్న తెలిసింది.

వైపర్లు ఆపండి, వాన లేదు అంది.

నేటి తప్పు: రోడ్డు వదిలేసి పెళ్ళాం మొహం చూశాడు.

ఏప్రిల్ 17

ఫిజియో అమ్మాయి పొద్దున్నే వచ్చి పాఠం చూసింది. గోడకానుకుని, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని. మూడుసార్లు లేచింది మా ఆవిడ కుడిచెయ్యి. రెండుసార్లు బ్రేకు పడింది, ఒకసారి నా మణికట్టు మీద పడింది. ఏ ఎక్సర్‌సైజ్ చేయిస్తున్నారండీ అని అడిగింది నన్ను. నేనేం చేయిస్తానమ్మా, నాకే రాక చస్తుంటే అన్నాను. మీ ఆయన ఇంత అధ్వాన్నంగా తోలుతారని ముందే చెప్పాల్సింది మేడం అంది. ఎప్పుడు చెప్పినా ఈయన తోలడం మారేది కాదమ్మా అంది మా ఆవిడ.

వెళ్తూ కొత్త రబ్బరు బంతి ఇచ్చింది. ఆవిడ తీసుకుంది. విసరలేదు.

ఏప్రిల్ 26, ఆదివారం

చూపుడువేలు విడిగా వస్తోంది. ఎడమ బాణం, కుడి బాణం నొక్కి నా స్టీరింగు సరిచేస్తోంది. అన్నం మాత్రం ఇంకా ఎడమచేత్తోనే. బొత్తాలు అమ్మాయే పెడుతోంది. రాత్రికి చెయ్యి బరువెక్కి వాలిపోతుంది, పొద్దున్న మళ్ళీ ఆరింటికి లేస్తుంది, యజమానురాలితో పాటు.

బావమరిది ఫోన్ చేశాడు. అక్క సినిమాలు చూస్తోందా బావా అన్నాడు. చూస్తోందిరా, రోజూ ఒకటే, హీరో బండి తోలడం రానివాడు అన్నాను.

మే 6, బుధవారం

కొత్త చిక్కు. నాకు వచ్చేస్తోంది.

వరసగా మూడు రోజులు ఎవర్నీ గుద్దలేదు. ఆవిడ చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది. నటించడానికి లేదు, భుజాలు పట్టిచ్చేస్తాయి. భయపడుతూ ఆ మాటే చెప్పేశాను. ఆవిడ నవ్వింది. గేములో వస్తే వచ్చినట్టా, పెరట్లో అసలుది ఉంది కదా, అందులో మీరెంత అధ్వాన్నమో నేను మర్చిపోలేదు, గేటు స్తంభం కూడా మర్చిపోలేదు అంది. ముందు గేములో పరీక్ష పాసవ్వండి, తర్వాత నిజం లైసెన్సు కాగితాలు పెడదాం అంది.

అమ్మాయిని పిలిచి కారు కవరు తియ్యమంది. కర్ర పట్టుకుని వెళ్ళి ఎడమవైపు తలుపు తీసింది. ఎడమచేత్తో కాదు. హ్యాండిల్ మీద వేళ్ళు మూడుసార్లు జారాయి. అమ్మాయి ముందుకి వెళ్ళబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. నాలుగోసారి తలుపు తెరుచుకుంది.

జీవితంలో ఎన్నో తలుపులు తెరిచాను. ఇలాంటి తలుపు ఎప్పుడూ చూడలేదు.

మే 16, శనివారం

రేపు గేములో లైసెన్సు పరీక్ష. పొద్దున్నే తలస్నానం చెయ్యాలా అని అడిగాను. అద్దం చూస్తే చాలు అంది.

డైరీ టేబుల్ మీదే వదిలెయ్యమంది. ఎందుకని అడిగితే, తప్పు రాసుకోవాలి కదా అంది. ఎర్రపెన్ను ఎక్కడుందని అమ్మాయిని అడుగుతోంది.

మే 17

ఇండికేటర్ వెయ్యలేదు. ఫెయిల్. రేపు ఆరింటికి.

పై మాటలు నావి కావు, ఎర్రపెన్నుతో కుడిచేత్తో రాసినవి. చివరి మాట పేజీ దాటి టేబుల్ మీదికి వెళ్ళింది. ఆ సిరా తుడవను.